రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం ఎంత, విమానం ఎంతసేపు ఎగురుతుంది: మీరే లెక్క తేల్చుకోవడం ఎలా?

హైదరాబాద్ నుంచి దుబాయ్ ఎంత దూరం అని వెతికితే ఒకచోట 2,550 అని వస్తుంది, ఇంకోచోట 1,585, మరోచోట 1,377. ప్రయాణ సమయమూ అంతే. ఒకరు మూడున్నర గంటలంటారు, ఒకరు నాలుగు. టికెట్ మీద చూస్తేనేమో పది గంటలకి బయలుదేరి పన్నెండున్నరకి దిగినట్టు ఉంటుంది. "ఇందులో ఏది కరెక్ట్?" అని అడిగేవాళ్లు చాలామంది. అన్నీ కరెక్టే. కాకపోతే ఒక్కొక్కటి ఒక్కో సంగతి చెబుతోంది. దూరం ఏ యూనిట్లో, ఎక్కడి నుంచి ఎక్కడికి; సమయం గేటు నుంచి గేటుకా, రన్‌వే నుంచి రన్‌వేకా. ఇవి తేల్చుకుంటే గందరగోళం పోతుంది. పెద్ద లెక్కలేం అక్కర్లేదు, పదో తరగతి లెక్కలు చాలు.

ఉదాహరణలన్నీ హైదరాబాద్ నుంచే తీసుకుంటున్నాను. మీ ఊరికి తగ్గట్టు అంకెలు మార్చుకోండి.

ఏమేం కావాలి

- రెండు ఎయిర్‌పోర్టుల మూడక్షరాల కోడ్‌లు. టికెట్ మీదా, బ్యాగేజీ ట్యాగ్ మీదా ఉంటాయి.
- ఫోన్ లేదా కంప్యూటర్, నెట్.
- వర్గమూలం నొక్కగలిగే క్యాలిక్యులేటర్. ఫోన్‌ని అడ్డంగా తిప్పితే చాలా ఫోన్లలో వస్తుంది.
- రెండు ఊళ్ల టైమ్ జోన్లు. దేశం లోపలి ప్రయాణమైతే ఇది అవసరం లేదు.
- కాగితం, పెన్ను. కనెక్టింగ్ ఫ్లైట్ ఉంటే తప్పనిసరి. మనసులో లెక్క వేస్తే తేదీ దగ్గర దొర్లిపోతుంది.

1. ముందు ఏ ఎయిర్‌పోర్టో తేల్చుకోండి

ఎక్కువ తప్పులు ఇక్కడే మొదలవుతాయి. ఊరి పేరు టైప్ చేస్తే చాలా సైట్లు ఊరి నడిబొడ్డు నుంచి కొలుస్తాయి. శంషాబాద్ ఎయిర్‌పోర్టు హైదరాబాద్ నడిబొడ్డుకి ఇరవై కిలోమీటర్ల పైనే దూరం. విజయవాడ ఎయిర్‌పోర్టు గన్నవరంలో ఉంటుంది, తిరుపతిది రేణిగుంటలో. దుబాయ్ ప్రయాణానికి ఈ తేడా లెక్కలోకి రాదు గానీ విజయవాడ ప్రయాణానికి బాగానే వస్తుంది.

అందుకే ఊరి పేరు వదిలేసి కోడ్‌తో వెతకండి. హైదరాబాద్ హెచ్‌వైడీ, విజయవాడ వీజీఏ, విశాఖ వీటీజెడ్, తిరుపతి టీఐఆర్, దుబాయ్ డీఎక్స్‌బీ, డాలస్ డీఎఫ్‌డబ్ల్యూ. వీటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి.

జాగ్రత్త పడాల్సినవి కొన్ని ఉన్నాయి. పాకిస్తాన్‌లోని సింధ్‌లో ఇంకో హైదరాబాద్ ఉంది, దాని కోడ్ హెచ్‌డీడీ. గోవాకి రెండు ఎయిర్‌పోర్టులు: దాబోలిం జీఓఐ, మోపా జీఓఎక్స్. దుబాయ్‌కీ రెండు: మామూలుగా మనం దిగేది డీఎక్స్‌బీ, రెండోది అల్ మక్తూమ్, కోడ్ డీడబ్ల్యూసీ. పోర్ట్‌లాండ్ పేరుతో ఓరెగాన్‌లో ఒకటి, మెయిన్‌లో ఒకటి ఉన్నాయి. బర్మింగ్‌హామ్ ఇంగ్లండ్‌లోనూ ఉంది, అమెరికాలో అలబామాలోనూ ఉంది. న్యూజెర్సీలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకి నెవార్క్ టికెట్ అయితే కోడ్ ఈడబ్ల్యూఆర్ అని ఉంటుంది, జేఎఫ్‌కే అని ఉంటే న్యూయార్క్. రెండూ దగ్గరే అనిపిస్తాయి గానీ ఎయిర్‌పోర్టుకి వచ్చి తీసుకెళ్లే వాళ్లకి రెండింటికీ చాలా తేడా.

హైదరాబాద్ విషయంలో ఇంకొకటి. శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలైంది 2008 మార్చిలో. అంతకుముందు తయారైన పట్టికల్లో ఉన్నది బేగంపేట. పాత పట్టిక చూసి లెక్క వేస్తే ఇరవై, పాతిక కిలోమీటర్ల దాకా తేడా అక్కడే వచ్చేస్తుంది.

2. దూరం చూడండి

తేలికైన దారి గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్. అందులో రెండు కోడ్‌ల మధ్య చిన్న గీత పెట్టి హెచ్‌వైడీ-డీఎక్స్‌బీ అని కొడితే దూరం, మ్యాప్ మీద గీత రెండూ వస్తాయి. మధ్యలో దిగేది ఉంటే మూడు కోడ్‌లూ వరసగా ఇవ్వొచ్చు. సైట్ పాతకాలం నాటిదిలా కనిపిస్తుంది, పని మాత్రం శుభ్రంగా చేస్తుంది.

సైట్ వద్దనుకుంటే గూగుల్ మ్యాప్స్ చాలు. కంప్యూటర్లో మొదటి ఎయిర్‌పోర్టు రన్‌వే మీద రైట్ క్లిక్ చేసి "మెజర్ డిస్టెన్స్" నొక్కండి, తర్వాత రెండో ఎయిర్‌పోర్టు మీద క్లిక్ చేయండి. ఫోన్‌లో అయితే మ్యాప్ మీద వేలు నొక్కి పట్టుకుంటే ఎర్ర పిన్ పడుతుంది, కింది వివరాల్లో అదే ఆప్షన్ ఉంటుంది. పెద్ద దూరాలకి గూగుల్ ఎర్త్‌లోని స్కేలు ఇంకా హాయి, భూగోళాన్ని తిప్పి చూసుకోవచ్చు.

డైరెక్షన్స్ బటన్ మాత్రం నొక్కకండి. అది రోడ్డు దూరం చెబుతుంది. శంషాబాద్ నుంచి విశాఖ ఎయిర్‌పోర్టుకి గాలిలో సుమారు 510 కి.మీ. సూర్యాపేట, విజయవాడ మీదుగా రోడ్డున వెళితే ఆరు వందలు దాటుతుంది.

గోడ మీద ఉండే ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి కొలవడమూ కుదరదు. భూమి గుండ్రం కాబట్టి అతి దగ్గర దారి ఆ పటం మీద వంపుగా కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి డాలస్‌కి పటం మీద గీత గీస్తే అట్లాంటిక్ మీదుగా పోతుంది. అసలు దగ్గర దారి దాదాపు ఉత్తర ధ్రువం మీదుగా. నమ్మకం కుదరకపోతే గ్లోబు మీద దారం బిగించి చూడండి.

3. చేత్తో ఒకసారి సరిచూసుకోండి

సైట్ చెప్పింది కదా అని వదిలేయకుండా ఈ చిన్న లెక్క వేస్తే, కోడ్ తప్పు కొట్టి ఉంటే వెంటనే బయటపడుతుంది. ఎయిర్‌పోర్టుల అక్షాంశ రేఖాంశాలు కావాలి. గూగుల్ మ్యాప్స్‌లో రైట్ క్లిక్ చేస్తే మొదటి వరసలోనే కనిపిస్తాయి.

గుర్తుంచుకోవాల్సింది ఒకటే అంకె: ఒక డిగ్రీ అక్షాంశం దాదాపు 111 కి.మీ.

ఢిల్లీ మనకి దాదాపు నిటారుగా ఉత్తరాన ఉంది కాబట్టి లెక్క సులువు. శంషాబాద్ అక్షాంశం 17.23, ఢిల్లీ 28.57. తేడా 11.34 డిగ్రీలు. 111తో గుణిస్తే 1,259. సైట్‌లో చూసినా 1,260 ప్రాంతంలోనే వస్తుంది. ఒక్క గుణకారంతో అయిపోయింది.

దుబాయ్ పక్కకి ఉంది కాబట్టి రేఖాంశం కూడా కలపాలి. రేఖాంశాలు ఉత్తరానికి వెళ్లేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి 111ని కొంచెం తగ్గించాలి. రెండు ఊళ్ల అక్షాంశాల సగటు 15 డిగ్రీలైతే 0.97తో, 20 అయితే 0.94తో, 25 అయితే 0.91తో, 30 అయితే 0.87తో గుణించండి. క్యాలిక్యులేటర్లో ఆ సగటుకి కాస్ నొక్కినా అదే వస్తుంది. నొక్కేముందు క్యాలిక్యులేటర్ డిగ్రీల మోడ్‌లో ఉందో లేదో చూడండి, రేడియన్లలో ఉంటే పిచ్చి అంకెలు వస్తాయి.

- శంషాబాద్: 17.23 ఉత్తరం, 78.43 తూర్పు
- దుబాయ్: 25.25 ఉత్తరం, 55.36 తూర్పు
- అక్షాంశ తేడా 8.02. దాన్ని 111తో గుణిస్తే 890 కి.మీ.
- రేఖాంశ తేడా 23.07. అక్షాంశాల సగటు 21.2 కాబట్టి గుణకం 0.932. మూడింటినీ గుణిస్తే 23.07 × 111 × 0.932 = సుమారు 2,387 కి.మీ.
- రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 2,547 కి.మీ.

సైట్‌లో వచ్చే 2,550కీ దీనికీ తేడా నామమాత్రం. మనకి ఇది చాలు.

హెచ్చరిక: ఈ పద్ధతి దేశం లోపల, గల్ఫ్, శ్రీలంక లాంటి దగ్గరి ప్రయాణాలకే. డాలస్‌కి ఇదే లెక్క వేస్తే 17,700 కి.మీ. వస్తుంది. అసలు దూరం సుమారు 14,400. మూడు వేల పైచిలుకు తేడా! అమెరికా, యూరప్ దూరాలకి సైట్‌నే నమ్ముకోండి.

ఇక్కడే జరిగే ఇంకో రెండు పొరపాట్లు చూడండి. మొదటిది, డిగ్రీలు నిమిషాలు సెకన్లలో ఇచ్చిన అంకెని దశాంశంగా రాసేయడం. శంషాబాద్ అక్షాంశం 17 డిగ్రీల 13 నిమిషాల 53 సెకన్లు. దాన్ని 17.1353 అని రాయకూడదు. 13ని 60తో, 53ని 3,600తో భాగించి కలపాలి, అప్పుడు 17.2314 వస్తుంది. తప్పుగా రాస్తే ఎయిర్‌పోర్టు పది కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోయినట్టే. రెండోది, పశ్చిమ రేఖాంశానికి మైనస్ పెట్టకపోవడం. డాలస్ రేఖాంశం మైనస్ 97. మైనస్ మర్చిపోతే చైనాలో టిబెట్ పీఠభూమి తూర్పు భాగానికి చేరతారు, దూరం రెండున్నర వేల కిలోమీటర్లే చూపిస్తుంది. డాలస్ అంత దగ్గరైతే మనవాళ్లు పండక్కి పండక్కి వచ్చిపోయేవాళ్లు.

4. యూనిట్ చూడండి

మొదట్లో చెప్పిన మూడు అంకెల ముడి ఇది. 2,550 కిలోమీటర్లు, 1,585 మైళ్లు, 1,377 నాటికల్ మైళ్లు. మూడూ ఒకే దూరం. మామూలు మైలు 1.609 కి.మీ., నాటికల్ మైలు సరిగ్గా 1.852 కి.మీ. పైలట్లు, విమాన ట్రాకింగ్ సైట్లు నాటికల్ మైళ్లు వాడతారు. అమెరికా సైట్లు మామూలు మైళ్లలో చెబుతాయి. అంకె పక్కన యూనిట్ లేకపోతే ఆ అంకెని పట్టించుకోకండి.

5. దూరం నుంచి సమయం అంచనా వేయండి

పెద్ద విమానం పైకి వెళ్లాక గంటకి 800 నుంచి 900 కి.మీ. వేగంతో పోతుంది. దూరాన్ని 900తో భాగించేసి ఇంతే సమయం అనుకుంటే మాత్రం ప్రతిసారీ తక్కువే వస్తుంది. గేటు దగ్గర నుంచి వెనక్కి నెట్టడం, రన్‌వే దాకా నడవడం, ఆకాశంలో పైకి ఎక్కడం, కిందికి దిగడం, దిగాక మళ్లీ గేటు దాకా రావడం ఇవన్నీ కలపాలి. దగ్గరి ఊరైనా దూరపు ఊరైనా ఈ ఖర్చు ఇంచుమించు ఒకటే.

నేను వాడే సూత్రం: కిలోమీటర్లని 800తో భాగించి, దానికి 40 నిమిషాలు కలపడం.

- హైదరాబాద్ నుంచి విజయవాడ, 264 కి.మీ.: 20 నిమిషాలు + 40 = గంట
- హైదరాబాద్ నుంచి విశాఖ, 510 కి.మీ.: 38 నిమిషాలు + 40 = గంటా 18 నిమిషాలు
- హైదరాబాద్ నుంచి ఢిల్లీ, 1,260 కి.మీ.: గంటా 35 నిమిషాలు + 40 = రెండుంపావు గంటలు
- హైదరాబాద్ నుంచి దుబాయ్, 2,550 కి.మీ.: మూడు గంటలా 11 నిమిషాలు + 40 = మూడు గంటలా 51 నిమిషాలు

మొదటి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. విశాఖ దూరం విజయవాడకి దాదాపు రెట్టింపు, సమయం మాత్రం ఇరవై నిమిషాలే ఎక్కువ. విజయవాడ విమానం గంటలో మూడింట రెండొంతులు ఎక్కడానికి, దిగడానికి, నేల మీద తిరగడానికే పోతుంది. శంషాబాద్‌కి మీ ఇంటి నుంచి గంటన్నర, చెకిన్‌కి గంటన్నర, గన్నవరం నుంచి ఊళ్లోకి ఇంకో ముక్కాలు గంట వేసుకుంటే, కారులో బయలుదేరిన వాళ్లు మీతో పాటే చేరతారు. విమాన సమయం ఒక్కటే చూసి టికెట్ కొనకండి.

రెండు సవరణలు ఉన్నాయి. తిరుపతి, రాజమండ్రి, కడప లాంటి ఊళ్లకి రెక్కల మీద ఫ్యాన్లు తిరిగే ఏటీఆర్ విమానాలు కూడా వేస్తారు. వాటి వేగం గంటకి 500 కి.మీ. ప్రాంతం. అప్పుడు 500తో భాగించి అరగంట కలపండి. తిరుపతి దూరం 417 కి.మీ., ఏటీఆర్‌లో గంటా 20 నిమిషాలు పడుతుంది, జెట్‌లో అయితే గంటా పది. ఏ విమానమో బుకింగ్ పేజీలో వివరాలు నొక్కితే కనిపిస్తుంది. అమెరికా లాంటి దూర ప్రయాణాలకి 800 బదులు 850 వాడండి.

6. టైంటేబుల్ నుంచి సమయం లెక్కపెట్టండి

టికెట్ మీద ఉండేవి ఎప్పుడూ ఆయా ఊళ్ల స్థానిక సమయాలే. రెండింటినీ అలాగే తీసివేస్తే తప్పు వస్తుంది. రెండింటినీ ముందు యూటీసీలోకి, అంటే ప్రపంచమంతా ఒకటిగా వాడే ప్రామాణిక సమయంలోకి మార్చి, తర్వాత తీసివేయండి. భారత సమయం యూటీసీ కన్నా ఐదున్నర గంటలు ముందు, దుబాయ్ నాలుగు గంటలు ముందు.

ఒక విమానం హైదరాబాద్‌లో ఉదయం 10:00కి బయలుదేరి దుబాయ్‌లో 12:30కి దిగుతుంది అనుకుందాం. 10:00 అంటే యూటీసీలో 4:30. దుబాయ్ 12:30 అంటే యూటీసీలో 8:30. తేడా నాలుగు గంటలు. తిరిగి వచ్చేటప్పుడు దుబాయ్‌లో రాత్రి 10:00కి బయలుదేరి ఇక్కడ తెల్లవారుజామున 3:00కి దిగుతుంది అనుకోండి. యూటీసీలో 18:00 నుంచి 21:30. మూడున్నర గంటలు. గడియారం మాత్రం వెళ్లేటప్పుడు రెండున్నర, వచ్చేటప్పుడు ఐదు గంటలు చూపించింది.

అమెరికా, ఇంగ్లండ్ అయితే ఎండాకాలం గడియారం ముందుకి జరుపుతారని మర్చిపోకండి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా, ఇంగ్లండ్‌లో మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా. డాలస్‌కీ మనకీ తేడా చలికాలంలో పదకొండున్నర గంటలు, ఎండాకాలంలో పదిన్నర. అరిజోనాలో చాలా మటుకు గడియారం మార్చరు, కాబట్టి ఫీనిక్స్ వెళ్లేవాళ్లు విడిగా చూసుకోవాలి.

ఇలా వచ్చే సమయాన్ని బ్లాక్ సమయం అంటారు. గేటు వదిలినప్పటి నుంచి గేటుకి చేరేదాకా. ఇందులో కంపెనీలు ఆలస్యానికి కొంత వెసులుబాటు కూడా కలుపుకుంటాయి. అందుకే అరగంట లేటుగా బయలుదేరిన విమానం పది నిమిషాల లేటుతోనే చేరుతుంది.

మన దేశంలో ఈ బ్లాక్ సమయానికి డబ్బు విలువ కూడా ఉంది. కంపెనీ తన కారణాలతో, ముందుగా చెప్పకుండా విమానం రద్దు చేస్తే మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో పరిహారం బ్లాక్ సమయం ప్రకారమే ఉంటుంది. గంట లోపైతే 5,000 రూపాయలు, రెండు గంటల దాకా 7,500, ఆపైన 10,000. లేదా బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం. ఏది తక్కువైతే అది. విజయవాడ విమానం సరిగ్గా గంట గీత మీద ఉంటుంది కాబట్టి టికెట్ మీద సమయం 60 నిమిషాలా, 65 నిమిషాలా అన్నది చూసుకోవాల్సిన సంగతే. యూరప్‌లో అయితే దూరం లెక్క. అక్కడి 2004 నాటి 261వ నిబంధన 1,500, 3,500 కి.మీ. గీతలు పెట్టింది.

7. అసలు ఎంతసేపు ఎగిరిందో చూడండి

ఫ్లైట్‌రాడార్24లో ఫ్లైట్ నంబరు కొడితే గత కొన్ని రోజుల వరస వస్తుంది. అందులో ఎస్‌టీడీ అంటే టైంటేబుల్ ప్రకారం గేటు వదలాల్సిన సమయం, ఏటీడీ అంటే నిజంగా గాల్లోకి లేచిన సమయం. ఫ్లైట్ టైమ్ అని ఉండేది లేచినప్పటి నుంచి నేల తాకేదాకా. అందుకే బ్లాక్ సమయం కన్నా ఇది మామూలుగా తక్కువే. "టికెట్ మీద రెండుంపావు గంటలు, యాప్‌లో గంటా యాభై, యాప్ తప్పా?" అంటే తప్పేం కాదు. నేల మీద తిరిగిన సమయం అందులో లేదు.

ఒక్కరోజు అంకె చూసి నిర్ణయానికి రాకండి. నాలుగైదు రోజులవి చూసి మధ్యలో ఉన్నది తీసుకోండి. ఒకరోజు ఢిల్లీలో పొగమంచు వల్ల గాల్లో చక్కర్లు కొట్టి ఉండొచ్చు.

వెళ్లేటప్పటికీ వచ్చేటప్పటికీ తేడా ఎందుకంటే గాలి. చలికాలంలో ఉత్తర భారతం మీద విమానాలు ఎగిరే ఎత్తులో పడమటి నుంచి తూర్పుకి జోరుగా గాలి వీస్తుంది. గల్ఫ్‌కి వెళ్లేవాళ్లకి ఎదురుగాలి, వచ్చేవాళ్లకి వెనక నుంచి తోసే గాలి. వానాకాలంలో దక్షిణాది మీద పై ఎత్తుల్లో గాలి తిరగబడి తూర్పు నుంచి పడమటికి వీస్తుంది. అప్పుడు హైదరాబాద్, చెన్నై నుంచి గల్ఫ్ వెళ్లే విమానాలకి ఈ తేడా తగ్గుతుంది. కాబట్టి జనవరిలో వెళ్లబోతూ ఆగస్టు అంకెలు చూసుకోకండి. టైంటేబుళ్లు కూడా మార్చి చివర్లో, అక్టోబరు చివర్లో మారతాయి.

గాలి ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ బదులు పసిఫిక్ మీదుగా నడిపింది. ఆ దారి వెయ్యి కిలోమీటర్ల పైనే ఎక్కువ, మొత్తం 15,000 కి.మీ. దాటుతుంది. అయినా గాలి వెనక నుంచి తోయడంతో పధ్నాలుగున్నర గంటల్లో చేరింది, పాత దారి కన్నా ముందుగా.

గాలి తర్వాత గగనతలం మూసివేతలు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకి మూసేశాక ఢిల్లీ నుంచి పశ్చిమానికి వెళ్లే మన విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చింది. హైదరాబాద్ నుంచి దుబాయ్ దారి అరేబియా సముద్రం మీదుగా కాబట్టి దానికి ఆ ఇబ్బంది తక్కువ. మీరు వెళ్లే దారి ఏ దేశాల మీదుగా పోతుందో ట్రాకింగ్ మ్యాప్‌లో ఒకసారి చూడండి. సూటి దూరం కన్నా నిజంగా ఎగిరిన దూరం ఎప్పుడూ కొంత ఎక్కువే ఉంటుంది. మరీ ఎక్కువ ఉంటే కారణం చాలాసార్లు ఇలాంటిదే.

8. మధ్యలో విమానం మారేది ఉంటే

దూరాన్ని ముక్కలుగా కలపండి. హైదరాబాద్ నుంచి డాలస్‌కి సూటిగా 14,400. దుబాయ్ మీదుగా 2,550, ఆపైన దాదాపు 12,900, మొత్తం 15,500కి దగ్గర. చుట్టు తిరిగినా అదనం వెయ్యి కిలోమీటర్లే.

సమయానికి మాత్రం ముక్కలు కలపడం కన్నా మొదటి బయలుదేరే సమయం, చివరి దిగే సమయం రెండే యూటీసీలోకి మార్చడం మేలు. చలికాలంలో ఒక టికెట్ ఇలా ఉందనుకోండి:

- హైదరాబాద్‌లో 14వ తేదీ రాత్రి 21:50కి బయలుదేరడం
- దుబాయ్‌లో 15న 00:20కి దిగడం, 02:30కి రెండో విమానం
- డాలస్‌లో 15న ఉదయం 08:30కి దిగడం

హైదరాబాద్ 21:50 అంటే యూటీసీ 14వ తేదీ 16:20. డాలస్ 08:30కి ఆరు గంటలు కలిపితే యూటీసీ 15వ తేదీ 14:30. తేడా 22 గంటల 10 నిమిషాలు. ఇప్పుడు ముక్కలు కలిపి సరిచూడండి: నాలుగు గంటలు, దుబాయ్‌లో రెండు గంటల పది, పదహారు గంటలు. అదే 22:10. రెండూ కలవకపోతే ఎక్కడో టైమ్ జోనో, తేదీయో తప్పింది.

తేదీ అన్నాం కాబట్టి ఇది పెద్ద హెచ్చరిక. గల్ఫ్ విమానాలు చాలానే అర్ధరాత్రి దాటాక బయలుదేరతాయి. టికెట్ మీద 15వ తేదీ 01:30 అని ఉంటే మీరు ఇంటి నుంచి కదలాల్సింది 14వ తేదీ రాత్రి. 15 రాత్రికి వెళితే విమానం వెళ్లిపోయి ఒక రోజవుతుంది. పెద్దవాళ్లకి చెప్పేటప్పుడు "పద్నాలుగు సోమవారం రాత్రి భోజనం చేసి బయలుదేరాలి" అన్నట్టు వారం పేరుతో సహా చెప్పండి.

లెక్క సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

సైట్ దూరానికీ చేతి లెక్కకీ తేడా దగ్గరి ప్రయాణాల్లో ఒక శాతం లోపే ఉండాలి. ఎక్కువుంటే ముందు కోడ్ చూడండి, తర్వాత యూనిట్, తర్వాత మైనస్ గుర్తు. పది తప్పుల్లో తొమ్మిది ఈ మూడింటిలోనే ఉంటాయి.

సమయానికైతే వెళ్లే బ్లాక్ సమయం, వచ్చే బ్లాక్ సమయం కలిపి సగం చేయండి. దుబాయ్‌కి నాలుగు, మూడున్నర కలిపి సగం చేస్తే మూడు గంటలా 45 నిమిషాలు. అయిదో మెట్టులో మన అంచనా మూడు గంటలా 51. పది, పదిహేను నిమిషాల లోపు తేడా ఉంటే బాగున్నట్టే. ఏదో ఒకవైపు సమయంలో సరిగ్గా గంటో, గంటన్నరో తేడా వచ్చిందంటే అది గాలి పని కాదు, ఆ వైపు టైమ్ జోన్ తప్పు వేశారు. ఎండాకాలంలో ఇంగ్లండ్‌కీ మనకీ తేడా నాలుగున్నర గంటలు, దాని బదులు ఐదున్నర వేశారంటే ఎండాకాలం గడియారం మర్చిపోయినట్టు. అమెరికా, ఇంగ్లండ్ రెండూ ఉన్న ప్రయాణమైతే అక్టోబరు చివరి ఆదివారానికీ నవంబరు మొదటి ఆదివారానికీ మధ్య ఉన్న వారం మీద ఓ కన్నేయండి. ఒకరు గడియారం వెనక్కి తిప్పేసి ఉంటారు, ఇంకొకరు ఇంకా తిప్పి ఉండరు.

ఎయిర్‌పోర్టుకి ఎవరినైనా తీసుకురావడానికి వెళుతుంటే ఈ లెక్కలేవీ వద్దు. ట్రాకింగ్ యాప్‌లో విమానం గాల్లోకి లేచిన సమయానికి, ఈ వారం సగటు ఫ్లైట్ టైమ్ కలపండి. దేశం లోపలి నుంచి వస్తుంటే ఇంకో అరగంట, బయటి దేశం నుంచైతే ఇమిగ్రేషన్, లగేజీ కలిపి గంట పైనే వేసుకుని ఇంట్లోంచి బయలుదేరండి.